యేసు దేవుడైతే ప్రార్థన ఎవరికి చేశాడు?

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. నేను పుట్టి పెరిగింది క్రైస్తవ కుటుంబంలోనే. మా సంఘంలో సండే స్కూల్ పిల్లలకు పాఠాలు చెబుతుంటాను. ఈ మధ్య గెత్సేమనే తోట పాఠం చెబుతుంటే పదేళ్ల బాబు ఒకడు లేచి, "టీచర్, యేసయ్య దేవుడే కదా, మరి ఎవరికి ప్రార్థన చేస్తున్నాడు? తనకు తానే చేసుకుంటున్నాడా?" అని అడిగాడు. నాకు చిన్నప్పుడు చెప్పిన ఉదాహరణే చెప్పాను. నీళ్లు, మంచుగడ్డ, ఆవిరి మూడూ ఒకటే పదార్థం, రూపాలు మాత్రం మూడు అని. వాడు కాసేపు ఆలోచించి, "అయితే తనకు తానే చేసుకున్నట్టే కదా టీచర్" అన్నాడు. మిగతా పిల్లలు నవ్వారు. నాకేం చెప్పాలో తోచక వాణ్ణి కూర్చోమన్నాను.

ఇంటికొచ్చి బైబిలు తెరిస్తే అన్నీ అలాంటి వాక్యాలే కళ్లబడుతున్నాయి. "తండ్రి నాకంటె గొప్పవాడు" అన్నాడు. ఆ దినం, ఆ గడియ కుమారుడికి కూడా తెలియదన్నాడు. నన్ను మంచివాడని ఎందుకు అంటున్నావని ఒకాయన్ని అడిగాడు. ఆఫీసులో నా స్నేహితురాలు ఒకామె ఉంది. యేసు గొప్ప బోధకుడే గానీ దేవుడు కాదనీ, 325లో రోమా చక్రవర్తి బిషప్పుల చేత ఓట్లు వేయించి ఆయన్ని దేవుణ్ణి చేశాడనీ అంటుంది. నా దగ్గర జవాబు లేదు. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నా విశ్వాసం పోతోందా? ఇలాంటి మనసుతో పిల్లలకు పాఠం చెప్పొచ్చా? ఆ బాబుకు ఏం చెప్పాలి?
– ఒక సండే స్కూల్ టీచర్

సమాధానం: అమ్మా, వందనాలు. ముందు ఆ బాబుకు జవాబు చెబుదాం. యేసు తండ్రికి ప్రార్థన చేశాడు. తనకు తాను చేసుకోలేదు. "తండ్రీ" అని పిలిచినప్పుడు అవతల వినేవాడు నిజంగా ఉన్నాడు. ఇంత మాట పదేళ్ల పిల్లవాడికి అర్థమవుతుంది. ఆ తర్వాత వాడు "అయితే ఇద్దరు దేవుళ్లా?" అని తప్పకుండా అడుగుతాడు. అడగనివ్వండి. ఆ సంగతికి కూడా వస్తాను.

నీళ్లు, మంచు, ఆవిరి ఉదాహరణ మాత్రం ఇక వాడొద్దు. మీరు ఒక్కరే కాదు, ఎన్నో సంఘాల్లో ఎంతోమంది మంచి టీచర్లు అదే చెబుతున్నారు. అయితే అది చెప్పేది క్రైస్తవ విశ్వాసం కాదు. మూడో శతాబ్దంలో సబెల్లియస్ అనే బోధకుడి పేరు మీద ప్రచారమైన బోధ అది. దేవుడు ఒక్కడే, ఆయనే ఒకప్పుడు తండ్రిగా, ఒకప్పుడు కుమారుడిగా, ఒకప్పుడు ఆత్మగా కనిపిస్తాడు, వేషాలు మారుతున్నాయంతే అన్నది దాని సారాంశం. సంఘం దాన్ని అప్పుడే కాదంది. ఎందుకు కాదందో మీ బాబు ఒక్క నిమిషంలో పట్టేశాడు: అదే నిజమైతే గెత్సేమనేలో జరిగింది ప్రార్థన కాదు, నటన. యేసు బాప్తిస్మం పొందిన చోటు చూడండి. కుమారుడు యోర్దాను నీళ్లలోంచి పైకి వస్తున్నాడు, ఆత్మ పావురంలా దిగుతున్నాడు, తండ్రి స్వరం ఆకాశం నుంచి వినిపిస్తోంది. ముగ్గురూ ఒకే క్షణంలో ఉన్నారు. ఒకే నీళ్లు ఒకేసారి మూడు రూపాల్లో ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. మీ క్లాసులో ఆ రోజు పిల్లలు నవ్వినా, అందరిలోకీ సరిగ్గా ఆలోచించింది ఆ బాబే. ఆ మాట వాడికి పదిమందిలో చెప్పండి.

ఇప్పుడు మీ సంగతి. మీరు చెప్పిన వాక్యాలు చూస్తుంటే ఒకటి అనిపిస్తోంది. మనం పిల్లలకు ముగింపు ముందు నేర్పిస్తాం. "యేసయ్య ఎవరు? దేవుడు" అని మూడేళ్లకే కంఠతా పెట్టిస్తాం. అందులో తప్పు లేదు. కానీ ఆ తర్వాత సువార్తలు చదివేటప్పుడు ఆయనకు ఆకలేసిన చోటా, ఆయన అలసిపోయిన చోటా, ఏడ్చిన చోటా, "తెలియదు" అన్న చోటా మనకు లోపల ఏదో ఇబ్బంది మొదలవుతుంది. ఆ వాక్యాలను గబగబా దాటేస్తాం. దేవుడి పరువు మనం కాపాడాలన్నట్టు ఆయన మనిషితనం మీద ఒక గుడ్డ కప్పుతాం. అది అక్కర్లేని శ్రమ అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. క్రైస్తవ విశ్వాసం మిమ్మల్ని ఆ వాక్యాలను దాచమని ఎప్పుడూ అడగలేదు. అవి దాచినవాళ్లనే మొదట తప్పుపట్టింది.

శిష్యులకు ఈ సంగతి మనలా ముగింపు నుంచి మొదలు కాలేదు. వాళ్లకు ముందు తెలిసింది ఒక మనిషి. నజరేతు వాడు, వడ్లవాడు, మరియ కొడుకు. ఆయనతో నడిచారు, తిన్నారు, ఒకే కప్పు కింద పడుకున్నారు. ఆయనెవరన్న ప్రశ్న వాళ్లకు మెల్లగా పుట్టింది. అది ఎలా పుట్టిందో మార్కు 4వ అధ్యాయం చివర్లో కళ్లకు కట్టినట్టు ఉంది. అక్కడ కాస్త ఆగుదాం.

సాయంత్రమైంది. రోజంతా ఆయన జనానికి ఉపమానాలు చెప్పాడు. "అద్దరికి పోదాం" అన్నాడు. గలిలయ సముద్రం అంటాం గానీ అది మంచినీటి సరస్సు. సముద్ర మట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది, చుట్టూ కొండలు. అందుకే గాలి ఉన్నట్టుండి కొండల మీది నుంచి పడుతుంది. 1986లో నీటిమట్టం బాగా తగ్గినప్పుడు ఆ సరస్సు ఒడ్డు బురదలో ఆ కాలం నాటి చేపల పడవ ఒకటి బయటపడింది. పొడవు 8 మీటర్ల పైచిలుకు, వెడల్పు 2 మీటర్ల పైచిలుకు. అది శిష్యుల పడవే అని ఎవరూ అనడం లేదు. కానీ వాళ్లెక్కినది దాదాపు అంతే ఉండి ఉంటుంది. అంత చిన్న పడవలో అంతమంది, పైనుంచి అలలు లోపలికి కొడుతున్నాయి, పడవ నిండిపోతోంది. యేసు వెనక భాగంలో తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు.

ఆ తలగడ సంగతి మార్కు ఒక్కడే రాశాడు. ఈ కథ మత్తయి రాశాడు, లూకా రాశాడు, తలగడ మాత్రం వాళ్లు చెప్పలేదు. నాకు ఆ తలగడ చాలా ఇష్టం. తుఫానులో కూడా మెలకువ రానంతగా అలసిపోయిన మనిషి ఆయన. నిద్ర నటించలేదు. శిష్యులు లేపి, "బోధకుడా, మేం చచ్చిపోతున్నా నీకు పట్టదా?" అన్నారు. కోపంగానే అన్నారు. ఆయన లేచి గాలిని గద్దించాడు, సముద్రాన్ని ఊరుకోమన్నాడు. అంతా సద్దుమణిగింది.

గమనించండి, అప్పుడు వాళ్ల భయం తగ్గలేదు, పెరిగింది. "ఈయన ఎవరు? గాలీ సముద్రమూ కూడా ఈయన మాట వింటున్నాయే" అని ఒకళ్లతో ఒకళ్లు అనుకున్నారు. వాళ్లు చిన్నప్పటి నుంచీ కీర్తనలు పాడినవాళ్లు. 107వ కీర్తనలో ఓడలో వెళ్లేవాళ్లు తుఫానులో చిక్కి మొరపెడితే, తుఫానును ఆపి అలలను అణచేది యెహోవా. ఆ పని ఇప్పుడు వాళ్ల కళ్లముందు, ఇంతకుముందే తలగడ మీద నిద్రపోయిన మనిషి చేశాడు. మార్కు ఇక్కడ "కాబట్టి ఆయన దేవుడు" అని రాయలేదు. ప్రశ్నను ప్రశ్నగానే వదిలేశాడు. నిద్రపోయినవాడూ, గాలిని గద్దించినవాడూ ఒక్కరే. ఆ ఇద్దరినీ విడదీయకుండా చూడటమే తర్వాత నాలుగు వందల ఏళ్ల పాటు సంఘం చేసిన పని. విడదీసిన ప్రతిసారీ ఏదో ఒక తప్పుడు బోధ పుట్టింది.

అలాంటిదే ఇంకొక చోటు, కపెర్నహూములో ఇంటి కప్పు తీసి పక్షవాయువు గలవాణ్ణి దించిన సంఘటన. అందరూ స్వస్థత కోసం చూస్తుంటే యేసు "నీ పాపాలు క్షమించబడ్డాయి" అన్నాడు. అక్కడ కూర్చున్న శాస్త్రులు, "దేవుడు తప్ప పాపాలు క్షమించగలవాడెవడు?" అని మనసులో అనుకున్నారు. వాళ్ల లెక్క సరైనదే. ఆయన "మీరు పొరపాటు పడ్డారు, నేను అలా అనలేదు" అని సర్దిచెప్పలేదు. ఆ అధికారం మనుష్యకుమారుడికి ఉందని చూపించడానికే రోగిని లేపి నడిపించాడు. కొండమీది ప్రసంగంలో కూడా ఇంతే. పాత నిబంధన ప్రవక్తలు "యెహోవా సెలవిచ్చేదేమంటే" అని మొదలుపెట్టేవాళ్లు. యేసు "నేను మీతో చెప్పేదేమంటే" అన్నాడు. మీ స్నేహితురాలు ఆయన్ని గొప్ప బోధకుడంది. నిజమే, శిష్యులూ అలాగే పిలిచారు. ఆ బోధకుడు ఏ అధికారంతో మాట్లాడాడో కూడా చూడమని ఆమెకు చెప్పొచ్చు.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని వాక్యాలు.

"నన్ను మంచివాడని ఎందుకంటున్నావు? దేవుడు తప్ప మంచివాడెవడూ లేడు." ఇది మార్కు 10లో ధనవంతుడితో అన్న మాట. ఇక్కడ ఆయన "నేను మంచివాణ్ణి కాదు" అనలేదు. నువ్వు వాడిన మాట బరువు నీకు తెలుసా అని అడిగాడు. ఆ వెంటనే "నీకున్నదంతా అమ్మి పేదలకిచ్చి, వచ్చి నన్ను వెంబడించు" అన్నాడు. దేవుడి కోసం వదులుకోవాల్సినంత తన కోసం వదులుకోమన్నాడు. సంభాషణ మొత్తం చదివితే ఈ వాక్యం మీద పెద్దగా బెంగ అక్కర్లేదు.

"తండ్రి నాకంటె గొప్పవాడు" అన్నది యోహాను 14లో, చివరి రాత్రి మాట. ఇదే సువార్త మొదటి వాక్యంలో, యేసునే "వాక్యము" అని పిలుస్తూ, "వాక్యము దేవుడై యుండెను" అని ఉంది. చివర్లో తోమా పునరుత్థానుడైన యేసుతో "నా ప్రభువా, నా దేవా" అంటే ఆయన వారించలేదు. రాసినవాడు ఈ మూడూ ఒకే పుస్తకంలో పెట్టాడు, ఒకదానికొకటి అడ్డం వస్తాయని భయపడలేదు. ఈ వాక్యాన్ని ప్రాచీన బోధకులు రెండు రకాలుగా వివరించారు. మనిషిగా తగ్గించుకుని వచ్చినవాడు సిలువకు ముందు అన్న మాట ఇది అని కొందరన్నారు. కుమారుడు తండ్రి నుంచి కలిగినవాడు కాబట్టి తండ్రిని అలా గౌరవించాడని మరికొందరన్నారు. రెండిట్లో ఏది తీసుకున్నా కుమారుడు సృష్టించబడినవాడు అన్న అర్థం రాదు.

మూడోది కష్టమైనది. ఆ దినం గురించి, ఆ గడియ గురించి దూతలకూ కుమారుడికీ తెలియదు, తండ్రికే తెలుసు. మార్కు 13:32. దీన్ని తేలిగ్గా తీసిపారేసే జవాబు ఎవరైనా చెబితే నమ్మకండి. పూర్వం చేతిరాతతో ప్రతులు రాసినవాళ్లకు కూడా ఈ మాట మింగుడుపడలేదేమో అనిపిస్తుంది, ఎందుకంటే మత్తయి 24:36లో "కుమారుడైనను" అన్న మాట కొన్ని పాత ప్రతుల్లో ఉంది, చాలా ప్రతుల్లో లేదు. మార్కులో మాత్రం నిలిచిపోయింది. యేసును దేవుడిగా ఆరాధించిన సంఘమే ఈ వాక్యాన్ని చెరపకుండా రెండు వేల ఏళ్లు మోసుకొచ్చింది. ఒక మామూలు మనిషిని కావాలని దేవుణ్ణి చేయాలనుకున్నవాళ్లు మొట్టమొదట తీసేయాల్సిన వాక్యం ఇదే కదా.

దీని అర్థం విషయంలో నేను నాలుగో శతాబ్దపు బోధకుడు గ్రెగొరీ దగ్గరికి వెళతాను, నజియాంజుస్‌కు చెందిన గ్రెగొరీ. ఆ రోజుల్లో అపొల్లినారిస్ అనే బిషప్పు, యేసుకు మానవ శరీరం ఉంది గానీ మానవ మనసు లేదు, దాని స్థానంలో దైవ వాక్యమే ఉన్నాడు అని బోధించాడు. గ్రెగొరీ అది కుదరదన్నాడు. క్రీస్తు మనలో దేన్ని తన మీద వేసుకోలేదో అది బాగుపడకుండా ఉండిపోతుంది అన్నది ఆయన వాదం. మన పాపం ఎక్కువగా పుట్టేది మనసులోనే. ఆయన మన మనసు తీసుకోకపోతే మన మనసుకు రక్షణ లేదు. మానవ మనసు అంటే నేర్చుకునే మనసు, పెరిగే మనసు, అన్నీ ఒకేసారి తెలియని మనసు. లూకా 2:52లో బాలుడైన యేసు జ్ఞానంలో పెరిగాడని ఉంది. పెరిగాడు అంటే నిజంగానే పెరిగాడు. ఫిలిప్పీ పత్రికలో ఆయన "తన్ను తానే రిక్తునిగా" చేసుకున్నాడని, అంటే తన్ను తాను ఖాళీ చేసుకున్నాడని పౌలు రాసింది ఇందుకే. తెలియదు అన్న ఆ మాట మనకోసం ఆయన ఎంత దూరం దిగి వచ్చాడో చెబుతోంది. దాన్ని చదివి సిగ్గుపడకండి అమ్మా, అక్కడ మోకరించవచ్చు.

ఇప్పుడు మళ్లీ గెత్సేమనేకు వద్దాం. ప్రార్థన చేశాడంటే కేవలం మనిషి అయినందుకు చేశాడు అనుకుంటాం. అది సగం నిజం. యోహాను 17లో ఆయన ప్రార్థనే చదవండి. లోకం పుట్టకముందు నీ దగ్గర నాకున్న మహిమ అంటాడు, లోకానికి పునాది పడకముందే నువ్వు నన్ను ప్రేమించావు అంటాడు. అంటే తండ్రీ కుమారుల మధ్య మాట, ప్రేమ బేత్లెహేములో మొదలైనవి కావు. అవి ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆ కుమారుడే మనిషైనప్పుడు, ఆ ప్రేమ మానవ గొంతులో, చెమటతో, కన్నీళ్లతో ప్రార్థనగా బయటికి వచ్చింది. "అబ్బా, తండ్రీ, ఈ గిన్నె నా దగ్గర నుంచి తీసేయి, అయినా నా ఇష్టం కాదు, నీ ఇష్టమే" అన్నాడు. దేవుడంటే ఒంటరిగా ఉండే ఒక శక్తి అని మన మనసులో ఎక్కడో ఒక ఊహ ఉంటుంది. ఆ ఊహ పట్టుకుని గెత్సేమనేలోకి వెళితే ప్రార్థన అర్థం కాదు. క్రైస్తవులు నమ్మే దేవుడు మొదటి నుంచీ తండ్రి, కుమారుడు, ఆత్మ. దేవుడు ఒక్కడే, ఆ ఒక్క దేవుడిలోనే ఈ ప్రేమ ఉంది.

మీ స్నేహితురాలు చెప్పిన 325 సంగతి. ఈ మాట చాలామంది నోట తిరుగుతోంది. జరిగింది జరిగినట్టు తెలుసుకుంటే మీకే ధైర్యం వస్తుంది.

యేసు సిలువ మరణం పొంతి పిలాతు అధికారంలో ఉన్న కాలంలో, సాధారణ శకం 30 లేదా 33లో జరిగిందని ఎక్కువమంది చరిత్రకారుల అంచనా. 55 ప్రాంతంలో పౌలు కొరింథీయులకు మొదటి పత్రిక రాశాడు. అంటే సుమారు పాతికేళ్లకే. ఆ పత్రిక 8వ అధ్యాయంలో ఒక్కడే దేవుడు, తండ్రి అని చెప్పి, అదే ఊపిరిలో ఒక్కడే ప్రభువు, యేసుక్రీస్తు, ఆయన ద్వారానే సమస్తమూ కలిగింది అంటాడు. పౌలు యూదుడు. "మన దేవుడైన యెహోవా అద్వితీయుడు" అన్న మాట యూదులు రోజూ పొద్దునా సాయంత్రం చెప్పుకునేది. అలాంటివాడు ఆ మాటల మధ్యలోనే యేసు పేరు చేర్చాడు. అదీ ఎలాంటి యేసు? మానుకు వేలాడదీయబడినవాడు శాపగ్రస్తుడని ధర్మశాస్త్రంలో రాసి ఉండగా, సిలువ మీద చనిపోయిన యేసు. దానికి పౌలు చెప్పే కారణం ఒక్కటే: ఆయన మూడో రోజున లేచాడు, నాకు కనిపించాడు. పునరుత్థానం పక్కన పెడితే ఈ ఆరాధన ఎందుకు మొదలైందో చెప్పడం చాలా కష్టం.

112 ప్రాంతంలో ప్లీనీ అనే రోమా అధికారి బితునియ అనే రోమా రాష్ట్రం నుంచి ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. ఆయన క్రైస్తవుడు కాదు, క్రైస్తవులను విచారించి శిక్షించేవాడు. వాళ్లు ఒక నిర్ణీత రోజున తెల్లవారకముందే కూడి, క్రీస్తుకు దేవుడికి పాడినట్టు పాట పాడుకుంటారని విచారణలో తేలిందని రాశాడు. ఇంకా తెలుసుకోవడానికి సంఘంలో పరిచారకురాళ్లుగా ఉన్న ఇద్దరు బానిస స్త్రీలను హింసించానని కూడా రాశాడు. ఇది 325లో బిషప్పులు కూడిన ఆ నైసియా సభకు రెండు వందల ఏళ్ల ముందు సంగతి. ఆ ఇద్దరి పేర్లు ఎక్కడా లేవు. ఏ చక్రవర్తి ఓటూ వాళ్లకు క్రీస్తును ఆరాధించడం నేర్పలేదు.

మరి 325లో నైసియాలో ఏం జరిగింది? అలెగ్జాండ్రియాలో ఏరియస్ అనే సంఘ పెద్ద, కుమారుడు గొప్పవాడే గానీ సృష్టించబడినవాడు, ఆయన లేని కాలం ఒకటి ఉంది అని బోధించాడు. గమనించండి, ఏరియస్ కూడా యేసు మామూలు మనిషి అనలేదు. లోకం పుట్టకముందే ఉన్నవాడు, సమస్త సృష్టికీ పైవాడు అనే అన్నాడు. కాబట్టి అక్కడ మనిషా దేవుడా అన్న వాదనే రాలేదు. తండ్రి ఏ స్వభావం గలవాడో కుమారుడూ అదే స్వభావం గలవాడా, లేక ఒక మెట్టు తక్కువా అన్నదే ప్రశ్న. సభ పిలిచింది కాన్‌స్టాంటైన్ చక్రవర్తే, నిజం. సంప్రదాయం ప్రకారం 318 మంది బిషప్పులు వచ్చారు. కుమారుడు తండ్రితో ఒకే స్వభావం గలవాడన్న ప్రకటన మీద సంతకం పెట్టడానికి చివరి వరకూ ఒప్పుకోని బిషప్పులు ఇద్దరే.

ఆ తర్వాతి కథ మీ స్నేహితురాలికి ఎవరూ చెప్పి ఉండరు. కాన్‌స్టాంటైన్‌కు 337లో చనిపోయే ముందు బాప్తిస్మం ఇచ్చింది ఏరియస్ పక్షాన నిలబడిన బిషప్పే. ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ ఏరియస్ వర్గానికే కొమ్ముకాశాడు. నైసియా విశ్వాసం కోసం నిలబడిన అతనాసియస్‌ను అయిదుసార్లు ఆయన ఊరి నుంచి వెళ్లగొట్టారు. ఆయన బిషప్పుగా ఉన్న 45 ఏళ్లలో సుమారు 17 ఏళ్లు ప్రవాసంలోనే గడిచాయి. రాజు బలంతోనే యేసు దేవుడయ్యాడంటే, రాజులు తర్వాత అటు మొగ్గినప్పుడు ఈ విశ్వాసం పోవాలి. పోలేదు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాన్నే మళ్లీ ఒప్పుకుంది. 451లో ఖల్కెదోను సభ, క్రీస్తు ఒక్కడే, ఆయనలో దైవత్వం మానవత్వం రెండూ సంపూర్ణంగా ఉన్నాయి, అవి కలగలిసిపోలేదు, విడిపోనూ లేదు అంది. కోప్టులు, ఆర్మేనియన్లు, సిరియన్ ఆర్థడాక్స్ వాళ్లు ఆ సభ వాడిన మాటలతో ఏకీభవించలేదు గానీ, ఆయన పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అన్న విషయంలో వాళ్లకూ తేడా లేదు.

ఇదంతా ఆమెను ఓడించడానికి వాడకండి. చరిత్ర విషయంలో ఆమె విన్నది సరికాదని నెమ్మదిగా చెప్పొచ్చు. యేసు ఎవరన్న విషయం మాత్రం వాదనతో ఒప్పించేది కాదు. ముస్లింలు ఆయన్ని మరియకు పుట్టిన ప్రవక్తగా ఎంతో గౌరవిస్తారు, సిలువ మరణాన్ని మాత్రం ఒప్పుకోరు. యెహోవాసాక్షులు ఆయన్ని దేవుడి మొదటి సృష్టి అంటారు. తేడా ఉన్నచోట తేడా ఉందని మర్యాదగా చెప్పుకోవడమే మంచిది. అందరం ఒకటే అంటున్నాం అని కప్పిపుచ్చనూ వద్దు, తేడా ఉంది కాబట్టి స్నేహం చెడగొట్టుకోనూ వద్దు.

మీ విశ్వాసం పోతోందా అని అడిగారు. పోవడం లేదు. మీకు మూడేళ్లప్పుడు కుట్టిన చొక్కా ఇప్పుడు బిగుతుగా ఉంది, అంతే. బాప్తిస్మమిచ్చే యోహాను అంతటివాడు చెరసాలలో ఉండి, "రాబోయేవాడవు నువ్వేనా, మరొకరి కోసం చూడాలా?" అని మనుషుల్ని పంపి అడిగించాడు. యేసు ఆయన్ని కోప్పడలేదు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, పేదలకు సువార్త అందుతోంది అని జరుగుతున్నది చెప్పి పంపాడు. ఆ తర్వాత జనం ముందు యోహానును పొగిడాడు కూడా. మత్తయి సువార్త చివరి వాక్యాల్లో ఇంకో సంగతి ఉంది. లేచిన యేసును శిష్యులు కొండ మీద చూసి మొక్కారు, "కొందరు సందేహించారు" అని అక్కడే రాసి ఉంది. ఆ వెంటనే ఆయన వెళ్లి సమస్త జనులకు బోధించమన్నాడు. సందేహించినవాళ్లను పక్కన నిలబెట్టి మిగతావాళ్లను పంపలేదు. మీరు పాఠాలు చెప్పొచ్చా అంటే, ఆ వాక్యాన్ని బట్టే చెప్పమంటున్నాను. అయితే ఒంటరిగా మోయకండి. మీ సంఘ కాపరికి ఈ ఉత్తరంలో నాకు రాసినదంతా చెప్పండి. నిద్ర పట్టకపోవడం ఇలాగే కొనసాగితే డాక్టర్‌కు కూడా చూపించుకోండి, అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

ఈ వారం మార్కు సువార్త మొత్తం ఒక్క బిగిన చదవండి. 16 అధ్యాయాలే, రెండు గంటల్లోపు అయిపోతుంది. ఆయన దేవుడని రుజువు చేసే వాక్యాలు వెతుక్కుంటూ కాకుండా, పడవలో ఉన్నవాళ్లతో పాటు "ఈయన ఎవరు?" అని అడుగుతూ చదవండి. 8వ అధ్యాయంలో పేతురు "నువ్వు క్రీస్తువి" అని సరైన జవాబే చెబుతాడు, కానీ యేసు తాను శ్రమపడాలి అనగానే అడ్డం తిరిగి చీవాట్లు తింటాడు. మాట సరిగ్గా అన్నాడు గానీ దాని లోతు వాడికింకా అందలేదు. మనం పిల్లల చేత కంఠతా పెట్టించేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. 15వ అధ్యాయంలో సిలువ మీద "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని కేక వేసి ఆయన ప్రాణం విడిచాక, ఎదురుగా నిలబడ్డ రోమా శతాధిపతి "నిజంగా ఈ మనిషి దేవుని కుమారుడే" అంటాడు. మార్కు సువార్తలో ఆ మాట నమ్మి పలికిన మొదటి మనిషి ఆ సైనికుడే. అద్భుతం చూసి అనలేదు, ఆయన చనిపోయిన తీరు చూసి అన్నాడు. మీరు దాచాలనుకున్న బలహీనతలోనే అతనికి దేవుని కుమారుడు కనిపించాడు.

ఆ బాబు విషయం. వచ్చే ఆదివారం క్లాసు మొదట్లోనే, "ఆ రోజు నువ్వడిగింది మంచి ప్రశ్న, నా ఉదాహరణ సరైనది కాదు" అని అందరి ముందూ చెప్పండి. యేసయ్య తన తండ్రితో మాట్లాడాడు అని చెప్పండి. "అయితే ఇద్దరు దేవుళ్లా?" అని అడిగితే, కాదు, దేవుడు ఒక్కడే, ఆ ఒక్క దేవుడిలో తండ్రి కుమారుణ్ణి ఎప్పటి నుంచో ప్రేమిస్తున్నాడు, మనం అంతా అర్థం చేసుకోలేనంత గొప్పవాడు ఆయన అని చెప్పండి. ఇంకో ఉదాహరణ కోసం వెతకొద్దు. ప్రతి ఉదాహరణా ఎక్కడో ఒకచోట విరుగుతుంది, వాడు అది విరిగే చోటే పట్టుకునే రకం. ఆ తర్వాత పడవ భాగం వాడి చేతే బయటికి చదివించండి. తలగడ దగ్గర ఆపి, "ఆయనకు నిజంగా నిద్ర వచ్చిందా?" అని పిల్లల్ని అడిగి వాళ్లు చెప్పేది వినండి. యోర్దాను పాఠం ఆ తర్వాతి వారానికి ఉంచండి, రెండూ ఒకే రోజు పెడితే పదేళ్ల పిల్లలకు ఎక్కువవుతుంది.